పత్తి చేలోంచి పలికిన తీగ

ఒక్క స్వరం వింటే చాలు, వాయిస్తున్నది బి.బి. కింగ్ అని పోల్చుకోవచ్చు. గిటార్ వాయించేవాళ్లలో ఇంతటి గుర్తింపు దక్కినవాళ్లు చాలా తక్కువ. ఆయన పుట్టి నూరేళ్లు దాటింది, కన్నుమూసి పదేళ్లు దాటింది. ఆయన పేరెత్తగానే 15 గ్రామీలు, యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్, 2006లో అమెరికా అధ్యక్షుడి నుంచి అందుకున్న పౌర పురస్కారం గుర్తుచేస్తారు. అవన్నీ ఆయనకు దక్కాల్సినవే. అయితే ఆ స్వరం ఏ నేలలో మొలకెత్తిందో, ఎవరి కష్టంలోంచి వచ్చిందో వదిలేసి బిరుదులు మాత్రం చదివితే సగం మనిషినే తలుచుకున్నట్టు. బ్లూస్ అమెరికా దక్షిణాదిలోని నల్లజాతి కూలి జనం సంగీతం. ఆ కూలి జనంలో ఒకడిగా చూసినప్పుడే కింగ్ గొప్పతనం తెలుస్తుందని మా నమ్మకం.

అసలు పేరు రైలీ బి. కింగ్. 1925 సెప్టెంబర్ 16న మిసిసిపీ రాష్ట్రంలో ఇట్టా బెనా అనే చిన్న ఊరి దగ్గరి పత్తి తోటలో పుట్టాడు. తల్లిదండ్రులు పాలికి సాగుచేసేవాళ్లు. భూమి తెల్ల ఆసామిది. విత్తనాల దగ్గర్నుంచి వంటసామాను దాకా అతని దగ్గర అప్పు మీద తెచ్చుకోవాలి. పంట అమ్మాక లెక్క రాసేదీ అతనే. ఏడాదంతా ఒళ్లు వంచినా పాత బాకీ కొత్త పద్దులోకి ఎక్కేది. కుర్రాడికి తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. పెంచిన అమ్మమ్మ కూడా 1940లో పోయింది. ఆ తర్వాత కొంతకాలం ఒంటరిగానే బతికాడు. తొలి గిటార్ ఖరీదు 15 డాలర్లు. జీతం మీద అడ్వాన్సు తీసుకుని కొనుక్కున్నాడు. చర్చిలో గిటార్ వాయించే ఒక పాస్టర్ మూడు కార్డ్‌లు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) చూపించాడు. గురువు దగ్గర నేర్చుకున్నది దాదాపు అంతే.

1943లో అదే రాష్ట్రంలోని ఇండియనోలా అనే ఊరు చేరి ట్రాక్టర్ డ్రైవరయ్యాడు. శనివారాలు వీధి మూల నిలబడి పాడేవాడు. దేవుడి పాట ఎత్తుకుంటే జనం తలమీద చెయ్యి వేసి మెచ్చుకుని వెళ్లేవారు. బ్లూస్ ఎత్తుకుంటే చిల్లర వేసేవారు. ఈ తేడా గురించి ఆయన జీవితమంతా చెబుతూ వచ్చాడు. 1946లో ఒక సాయంత్రం ట్రాక్టర్ ఆపి దిగాక అది ఉన్నట్టుండి ముందుకు దూకి, షెడ్డుకు తగిలి పొగగొట్టం విరిగింది. ఆసామి ఏమంటాడోనన్న భయంతో పొరుగున టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి పారిపోయాడు. కొన్నాళ్లకు తానే తిరిగొచ్చి, ఆ నష్టం తీరేదాకా పనిచేసి, మళ్లీ 1948లో మెంఫిస్ బయల్దేరాడు. ఇలాంటి మనిషి చేతిలో గిటార్ విలాస వస్తువు కాలేదు. కడదాకా అది ఆయనకు పనిముట్టే.

మెంఫిస్‌లో డబ్ల్యు.డి.ఐ.ఎ. రేడియో ఆయనకు అన్నం పెట్టింది. కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే నడిపిన తొలి అమెరికన్ స్టేషన్ అది. ఒక టానిక్కు ప్రకటన పాట పాడుతూ చేరిన కుర్రాడు రికార్డులు వేసి కబుర్లు చెప్పే స్థాయికి ఎదిగాడు. ‘బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్’ అన్న రేడియో పేరే కుదించుకుపోయి బి.బి. అయింది. అక్కడి రికార్డులన్నీ ఆయనకు పాఠాలు. బ్లూస్ గిటారిస్టులు టీ-బోన్ వాకర్, లానీ జాన్సన్, జాజ్ నుంచి చార్లీ క్రిస్టియన్, యూరప్ నుంచి జాంగో రైన్‌హార్ట్ ఆ రికార్డుల్లోంచే ఆయనకు గురువులయ్యారు.

గిటార్‌కు లూసిల్ అన్న పేరు వచ్చిన కథ చాలామంది విన్నదే. 1949 చలికాలంలో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో, కిరోసిన్ మంటతో వెచ్చబరిచిన డాన్సు హాలులో ఇద్దరు కొట్టుకుని ఆ మంటను తన్నేశారు. హాలు అంటుకుంది. బయటికి వచ్చిన కింగ్ గిటార్ కోసం మళ్లీ లోపలికి పరుగెత్తాడు. ఆ ఇద్దరూ తగువు పడింది లూసిల్ అనే అమ్మాయి కోసమని తర్వాత తెలిసింది. ఇంకెప్పుడూ ఇంత బుద్ధితక్కువ పని చేయకూడదని గుర్తుండేందుకు గిటార్‌కు ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని గిటార్లు మారినా అన్నీ లూసిల్లే.

ఇక ఆ వాయిద్యం సంగతి. దగ్గరి బంధువైన బుకా వైట్ లోహపు గొట్టాన్ని తీగ మీద జార్చి వాయించడంలో దిట్ట. కింగ్‌కు అది చేతకాలేదు. ఆ జారుడు పలుకును వట్టి వేళ్లతో రాబట్టాలని చూశాడు. చూపుడు వేలు తీగ మీద ఆన్చి, మిగతా చేతిని గిటార్ మెడ నుంచి దాదాపు వదిలేసి, మణికట్టును చకచకా ఊపుతాడు. స్వరం వణుకుతుంది, మనిషి గొంతులా తడిగా పలుకుతుంది. ఇంకోచోట తీగను పక్కకు నెట్టి, ఒక స్వరం నుంచి పై స్వరం దాకా సాగదీస్తాడు. మెట్ల మీద దొరకని శ్రుతులు అక్కడ దొరుకుతాయి. బ్లూస్‌కు ప్రాణం ఆ సందులోనే ఉంది. వీణ మీద తీగ లాగి గమకం పలికించడం విన్న తెలుగు చెవికి ఈ పని కొత్తగా అనిపించదు. రెండింటికీ చుట్టరికం లేకపోవచ్చు; ఒక స్వరాన్ని నిలువునా నిలబెట్టకుండా పలికించాలన్న తపన మాత్రం ఒకటే.

మరొకటి చెప్పాలి. ఆయన పాడుతూ వాయించడు. ఒక పాదం పాడతాడు, ఆగుతాడు, లూసిల్ జవాబు చెబుతుంది. పత్తి చేలల్లో ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునే పద్ధతే ఇక్కడ గొంతుకూ తీగకూ మధ్య జరుగుతోంది. కార్డ్‌లు తనకు సరిగా రావని ఆయనే చెప్పుకునేవాడు. పది స్వరాలు పట్టే చోట మూడు వాయించి ఊరుకోగల నిబ్బరం ఆయనది. నేటి గిటార్ ప్రపంచం వేగాన్ని ప్రతిభగా కొలుస్తోంది. మా దృష్టిలో అది తప్పు కొలత.

విజయం 1952లో వచ్చింది. ‘త్రీ ఓ క్లాక్ బ్లూస్’ రిథమ్ అండ్ బ్లూస్ హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అక్కడి నుంచి జీవితం బస్సులోనే. 1956 ఒక్క ఏడాదే 342 కచేరీలు. దక్షిణాది హోటళ్లలో గది ఇవ్వరు, భోజనానికి వెనక గుమ్మం చూపిస్తారు. తొలి రికార్డుల కంపెనీ యజమానులైతే మారుపేర్లతో ఆయన పాటలకు తామూ రచయితలమని రాయించుకున్నారు. పాట అమ్ముడైన ప్రతిసారీ వాటా వాళ్లకు పోయేది. పొలంలో ఆసామి రాసిన పద్దుకూ, స్టూడియోలో కంపెనీ రాసిన పద్దుకూ తేడా పెద్దగా లేదు. 1958లో ఆయన బస్సు టెక్సస్‌లో ప్రమాదానికి గురైంది. అప్పటికి ఇన్సూరెన్సు లేకపోవడంతో ఏళ్ల తరబడి ఆ అప్పు తీర్చాడు.

1964 నవంబర్ 21న షికాగోలోని రీగల్ థియేటర్‌లో చేసిన కచేరీ ఈ కాలం నాటిదే. వింటున్నవాళ్లు దాదాపు అందరూ నల్లజాతి వాళ్లే. ప్రతి పాదానికీ హాలంతా కేకలు వేస్తుంది, ఆయన ఆ కేకను అందుకుని తర్వాతి పాదం ఎత్తుకుంటాడు. శ్రోతలు కూడా కచేరీలో సగం. ఎరిక్ క్లాప్టన్ లాంటి బ్రిటిష్ గిటారిస్టులు ఈ కచేరీ రికార్డును పాఠ్యపుస్తకంలా విన్నారు.

ఆ బ్రిటిష్ కుర్రాళ్ల ద్వారానే బ్లూస్ తెల్ల అమెరికాకు తిరిగొచ్చింది. సొంత ఇంటి పాట సముద్రం దాటి వచ్చాక గానీ పొరుగింటికి వినపడలేదు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ కచేరీ హాలులో తెల్ల యువత ఆయన వాయించకముందే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కింగ్ ఏడ్చేశాడు. 1969లో బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ తమ అమెరికా పర్యటనకు ఆయన్ను వెంట తీసుకెళ్లింది. ఆ ఏడాదే రికార్డు చేసిన ‘ద థ్రిల్ ఈజ్ గాన్’ 1970లో పాప్ జాబితాలో 15వ స్థానానికి చేరింది. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు, రికార్డులు మొదలుపెట్టి రెండు దశాబ్దాలు.

తన బాణీని పట్టుకుని కోట్లు గడించిన కుర్రాళ్లను కింగ్ ఎప్పుడూ నిందించలేదు. వాళ్లే నాకు తలుపులు తెరిచారనేవాడు. అది ఆయన పెద్దమనసు. ఆ పెద్దమనసును చూపించి పరిశ్రమ చేసిన అన్యాయాన్ని మాఫీ చేయడానికి మేం ఒప్పుకోం. క్లాప్టన్, 2000లో ఆయనతో కలిసి ఆల్బమ్ చేసి, రుణం ఎవరిదో బాహాటంగా చెప్పాడు. చాలామంది అదీ చేయలేదు.

పేరొచ్చాక ఆయన వెళ్లిన చోట్లు చూడండి. 1970 సెప్టెంబర్‌లో షికాగోలోని కుక్ కౌంటీ జైలులో 2 వేల మందికి పైగా ఖైదీల ముందు పాడాడు. ఖైదీలకు అండగా ఒక సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నాడు, ఆ తర్వాత ఎన్నో జైళ్లకు వెళ్లాడు. 1979లో సోవియట్ యూనియన్‌లో పర్యటించాడు. ప్రతి ఏటా ఇండియనోలాకు తిరిగొచ్చి సొంత ఊరివాళ్ల కోసం కచేరీ చేసేవాడు. 2008లో ఆ ఊరు ఆయన పేర ఒక మ్యూజియం కట్టింది. ఆయన ఒకప్పుడు పనిచేసిన పాత ఇటుకల జిన్నింగ్ మిల్లును అందులో కలిపేసుకుంది. 2015 మే 14న లాస్ వేగస్‌లో కన్నుమూసిన ఆయన్ను ఇండియనోలాకు తెచ్చి ఆ మ్యూజియం దగ్గరే ఖననం చేశారు. కూలి చేసిన చోటునే స్మారకంగా నిలపడంలో ఆ ఊరు చూపిన తెలివికి మా జేజేలు.

బడీ గై, జిమీ హెండ్రిక్స్, స్టీవీ రే వాన్ మొదలు నేటి గ్యారీ క్లార్క్ జూనియర్ దాకా కింగ్ పలుకు సోకని బ్లూస్ గిటారిస్టు కనిపించడు. ఆ బడీ గై 2011లో ముంబయి బ్లూస్ ఉత్సవానికి వచ్చి వాయిస్తే మన దేశపు శ్రోతలూ ఆ పరంపరను నేరుగా విన్నారు. రాక్ నుంచి సినిమా పాటల దాకా గిటార్ సోలోలో తీగ సాగి మూలిగిన ప్రతిచోటా కింగ్ పుట్టిన మిసిసిపీ డెల్టా నేల జాడ ఉంది. ఆ జాడ ఎవరిదో వాయించే పిల్లలకు చెప్పేవాళ్లే కరువవుతున్నారు. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో గిటార్ నేర్పే మాస్టర్లకు మా మనవి ఒక్కటే. కార్డ్‌ల చార్టు తీసే ముందు ఆ రీగల్ కచేరీ వినిపించండి. ఆ తర్వాత ఒకే స్వరాన్ని మణికట్టుతో వణికించడం ఒక నెల సాధన చేయించండి. ఆ వణుకు మొదట ఎవరి చేతిలో పుట్టిందో, ఆ చేతులు అంతకుముందు ఏ పని చేశాయో కూడా పాఠంలో భాగంగా చెప్పండి.