మూడో అంతస్తు ప్రింటర్ గారికి

మారతహళ్లి, బెంగళూరు.

అయ్యా,

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల పాత యాసలో మీ పేరు ‘ట్రీ కిల్లర్’. మీ చేతుల మీదుగా బయటికొచ్చిన ఏ రిపోర్టయినా ‘డెడ్ ట్రీ వెర్షన్’. ఈ ఊళ్లో మెట్రో కోసం, ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టిన మిషన్లకు ఏ ముద్దుపేరూ లేదు. ఒక్క కొమ్మయినా విరిచి ఎరగని మీరు హంతకులయ్యారు.

ఈ జాబుకి కారణం ఇంటి అద్దె. జనవరి రాగానే అకౌంట్స్ వాళ్లు పన్ను లెక్కల కోసం అద్దె రసీదులు అడిగారు, నెలకొకటి చొప్పున 12. కంప్యూటర్లో టైపు చేసి మీకు పంపాలి. మీరు అచ్చేస్తే రెవెన్యూ స్టాంపులు అంటించి, ఓనర్ ఆంటీ చేత సంతకాలు పెట్టించి, మళ్లీ మీ నెత్తినే పెట్టి స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా ఎక్కించాలి. అంటే ఆ కాగితాలది పెళ్లికొడుకు కాశీయాత్ర. గొడుగేసుకుని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి రావడమే. వాటి ముందు ‘ఇది ఫలానా వాడి ప్రింటు’ అంటూ మీరేసే బ్యానర్ పేజీ ఒకటి, పెళ్లి బస్సు అద్దానికి అంటించిన కాగితంలాగా.

మీ పెద్దల కాలంలో కొన్ని లేజర్ ప్రింటర్లు ‘పీసీ లోడ్ లెటర్’ అని మొరాయించేవట. పీసీ అంటే కంప్యూటర్ కాదు, పేపర్ క్యాసెట్. లెటర్ అంటే జాబు కాదు, అమెరికా సైజు కాగితం. క్లయింటు ఫైలు పంపితే మీరూ అంతే, 216 బై 279 మి.మీ. కాగితం తెమ్మంటారు. ఇక్కడి షాపువాడేమో ఏ4 ఇస్తాడు, లీగల్ ఇస్తాడు, ఇదడిగితే మొహం చూస్తాడు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా ఘనం. మీ జబ్బేమిటో అంతుపట్టకపోతే ‘ఎల్‌పీ0 ఆన్ ఫైర్’, అంటే ప్రింటర్‌కి మంటలంటుకున్నాయి అని చెప్పేస్తుంది. (మా మేనేజరూ అంతే. అర్థం కానిదల్లా అర్జెంటే.)

ఇప్పుడు ఆగస్టు రసీదు మీ కడుపులో ఇరుక్కుంది. ఆడలేక మద్దెల ఓడు అననులెండి, పొదుపని ఒకవైపు వాడిన కాగితాలు ట్రేలో పెట్టింది నేనే. లాగితే సగమే వచ్చింది, అద్దె అంకె లోపలే ఉండిపోయింది. సాయంత్రం 6 లోపు ఎక్కించాలి. టెన్షన్‌తో మళ్లీ ప్రింటు కొట్టాను.

బ్యానర్ పేజీ మాత్రం శుభ్రంగా వచ్చింది.

ఇట్లు,
డెస్క్ 42