ఒక నంబరు, రెండు కాల్స్

ఇంటర్నెట్ ఫోన్ ఖాతా తీసుకున్నవాళ్లు మొదటిరోజు చేసే పని దాదాపు ఒకటే. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌ఫోన్, అంటే నెట్ మీద ఫోన్‌లా పనిచేసే యాప్ వేసుకుంటారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సర్వర్ పేరు కొట్టి తమ సెల్‌కే ఓ కాల్ చేసుకుంటారు. సెల్ మోగుతుంది, మాట స్పష్టంగా వినబడుతుంది. ఇక పనైపోయిందనుకుంటారు. అయింది సగమే, అదీ తేలికైన సగం. బయటికి కాల్ చేయడం పెద్ద విషయం కాదు. ఎవరైనా మన నంబరుకి చేసినప్పుడు అది మోగాలి. చిక్కంతా అక్కడే.

ఈ ఖాతాల వెనక ఉన్నది సిప్ అనే ప్రొటోకాల్, అంటే ఇంటర్నెట్‌లో కాల్స్ కలపడానికి అందరూ పాటించే నియమావళి. 1999లో మొదటి ప్రమాణం వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 2002 నాటిది. అందరిదీ ఒకే ప్రమాణం కాబట్టి ఖాతా ఒకరి దగ్గర తీసుకుని, యాప్ ఇంకొకరిది వాడుకోవచ్చు. లిన్‌ఫోన్, జోయిపర్, మైక్రోసిప్ లాంటివి ఏ కంపెనీ ఖాతాతోనైనా పనిచేసేది అందుకే. వాట్సాప్ కాల్స్‌కి ఈ స్వేచ్ఛ లేదు. అయితే స్వేచ్ఛతో పాటు సెట్టింగుల బాధ్యత కూడా మన నెత్తినే పడుతుంది.

మనం కాల్ చేస్తున్నప్పుడు యాప్ తెరిచే ఉంటుంది, నెట్ ఉందో లేదో మనకే తెలుస్తుంది. వచ్చే కాల్ అలా కాదు, సర్వరే మనల్ని వెతుక్కుంటూ రావాలి. అందుకే సాఫ్ట్‌ఫోన్ తానెక్కడున్నదీ సర్వర్‌కి ఎప్పటికప్పుడు చెబుతుండాలి. దాన్నే రిజిస్ట్రేషన్ అంటారు. చాలా యాప్‌లలో దాని గడువు 3600 సెకన్లు, అంటే గంట. మధ్యలో రూటర్ ఉంది, దాని లెక్క వేరు. లోపలి నుంచి ప్యాకెట్ (డేటా ముక్క) బయటికి వెళ్లినప్పుడు జవాబు కోసం తిరుగుదారి తెరిచి ఉంచుతుంది. కొన్ని రూటర్లు ఆ దారిని అర నిమిషానికే మూసేస్తాయి. అప్పుడు సర్వర్ లెక్కలో మనం ఉన్నట్టే, రూటర్ లెక్కలో లేనట్టే. కాల్ చేసినవాళ్లకు కాసేపు నిశ్శబ్దమో, సర్వర్ వినిపించే ఉత్తుత్తి రింగో వినబడుతుంది. మన దగ్గర ఉలుకూ పలుకూ ఉండదు. ఇరవై సెకన్లకోసారి ఓ చిన్న ప్యాకెట్ పంపే ‘కీప్ అలైవ్’ సెట్టింగ్ ఆన్ చేస్తే చాలావరకు ఈ బాధ తీరుతుంది.

సెల్‌లో వేసుకున్న సాఫ్ట్‌ఫోన్‌తో ఇంకో తలనొప్పి. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ 2015 నుంచీ వాడకుండా పక్కన పెట్టిన ఫోన్‌లో యాప్‌లను నిద్రపుచ్చుతోంది. ఐఫోన్ కూడా యాప్‌లను వెనకాల ఊరికే నడవనివ్వదు. కాల్ వచ్చిందని వాటిని తట్టి లేపాలంటే పుష్ నోటిఫికేషన్ కావాలి. ఈ సౌకర్యం కోసం కొన్ని యాప్‌లు మన బదులు తమ సర్వర్ నుంచే రిజిస్టర్ చేస్తాయి. అంటే మన ఖాతా పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరికీ వెళ్తుందన్నమాట. యాప్ వేసుకునే ముందు ఈ సంగతి చూసుకునేవాళ్లు తక్కువ.

ఇన్ని తంటాలు పడలేక చివరికి అందరూ చేరేది కాల్ ఫార్వార్డింగ్ దగ్గరికే. సాఫ్ట్‌ఫోన్ మోగకపోతే సెల్‌కి పంపించమంటే గొడవ వదిలిపోతుందనుకుంటాం.

ఫార్వార్డ్ అనగానే మనకు ఉత్తరం గుర్తొస్తుంది. ఇల్లు మారినప్పుడు పాత చిరునామాకి వచ్చిన కవరు మీద కొత్తది రాసి పంపేస్తారు. కవరు అదే, దారే వేరు. కాల్ విషయంలో జరిగేది ఇది కాదు. మన నంబరుకి వచ్చిన కాల్ సర్వర్ దగ్గరే ఆగుతుంది. సర్వర్ మన ఖాతాలోంచి సెల్‌కి ఇంకో కొత్త కాల్ చేసి, రెండింటినీ కలుపుతుంది. బిల్లు నుంచి మోసాల దాకా ఫార్వార్డింగ్‌తో వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఈ రెండో కాలే. సెట్టింగుల పేజీలో ఈ ముక్క ఎవరూ రాయరు.

డబ్బు సంగతి సూటిగానే ఉంది. మొదటి కాల్ ఖర్చు చేసినవాళ్లది, రెండోది మనది. పది నిమిషాలు మాట్లాడితే మన ఖాతాలో పది నిమిషాల అవుట్‌గోయింగ్ పడుతుంది. ప్రీపెయిడ్ ఖాతాలో బ్యాలెన్స్ అయిపోతే సాఫ్ట్‌ఫోన్ మామూలుగానే మోగవచ్చు, ఫార్వార్డింగ్ మాత్రం ఆగిపోతుంది. చానెళ్ల లెక్క కూడా ఇలాంటిదే. ఒకేసారి రెండు కాల్స్‌కి అనుమతి ఉన్న ఖాతాలో ఒక్క ఫార్వార్డ్ అయిన కాల్ రెండు చానెళ్లూ తినేయవచ్చు. ఆ తర్వాత చేసినవాళ్లకు బిజీ టోనే గతి.

సెల్ తెరమీద ఏ నంబరు కనబడాలన్నది ఇంకో ప్రశ్న. అసలు చేసినవాళ్ల నంబరు కనిపిస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ రెండో కాల్ మన ఖాతాలోంచి వెళ్తూ ఇంకెవరి నంబరో చూపిస్తోంది. దొంగ కాల్స్ చేసేవాళ్లూ చేసేది ఇదే. నెట్‌వర్కులు ఈమధ్య ఇలాంటి వాటి మీద కన్నేసి ఉంచుతున్నాయి కాబట్టి, మన కాల్‌కి స్పామ్ ముద్ర పడవచ్చు, అసలు చేరకపోనూ వచ్చు. నేనైతే నా ఇంటర్నెట్ నంబరే కనిపించేలా పెట్టుకుంటాను. ఎవరు చేశారో ఎత్తేదాకా తెలియదు, నిజమే. కానీ అది పని మీద వచ్చిన కాల్ అని తెలుస్తుంది, ఎత్తకపోయినా ఖాతా లాగ్‌లో అసలు నంబరు ఉంటుంది.

అన్నిటికన్నా గమ్మత్తైనది వాయిస్‌మెయిల్. ఓసారి సాఫ్ట్‌ఫోన్, సెల్ రెండూ ఒకేసారి మోగేలా పెట్టుకున్నాను, ఏది దగ్గరుంటే అది ఎత్తవచ్చు కదా అని. ఓ మధ్యాహ్నం సెల్ ఛార్జింగ్ అయిపోయి ఆఫ్ అయింది. ఫర్వాలేదు, ల్యాప్‌టాప్ ముందే కూర్చుని ఉన్నాను. కాల్ వచ్చింది. సాఫ్ట్‌ఫోన్ ఒక్కసారి ట్రింగ్‌మని ఆగిపోయింది. చేయి మౌస్ మీదికి వెళ్లేలోపే తెర ఖాళీ. పది నిమిషాలకు మళ్లీ అదే తంతు. ఎవరో పొరపాటున చేసి పెట్టేస్తున్నారనుకున్నాను. సాయంత్రం సెల్ ఆన్ చేస్తే నాలుగు వాయిస్‌మెయిల్స్, నాలుగూ ఒకరివే. చివరిదాంట్లో గొంతు కాస్త పెరిగింది కూడా.

జరిగింది చిన్న విషయమే. సెల్ ఆఫ్‌లో ఉంటే దాని వాయిస్‌మెయిల్ వెంటనే ఎత్తుతుంది. ఎత్తింది మనిషో యంత్రమో సర్వర్‌కి తెలియదు. రెండో కాల్‌కి జవాబు వచ్చింది కనుక సాఫ్ట్‌ఫోన్ మోగడం ఆపేసింది. దీనికి విరుగుడు చాలా ఖాతాల్లో ఉంది. సెల్‌లో ఎత్తినవాళ్లు 1 నొక్కితేనే కాల్ కలిపే సెట్టింగ్ అది, యంత్రం 1 నొక్కలేదు కదా. అది లేని ఖాతా అయితే సెల్ వాయిస్‌మెయిల్‌ని తీసేయించుకోవడమే మేలు. స్విచ్ఛాఫ్ అని ఆపరేటర్ ప్రకటన వినిపించే చోట ఈ బాధ సాధారణంగా ఉండదు, ఎందుకంటే అది ఎత్తినట్టు లెక్కలోకి రాదు.

షరతుల దగ్గరా చాలామంది దెబ్బతింటారు. బిజీగా ఉంటే, ఎత్తకపోతే, అసలు రిజిస్టరే కాకపోతే... ఇవి మూడు వేరువేరు పరిస్థితులు. ‘ఎత్తకపోతే’ ఒక్కటే పెట్టి ఊరుకుంటే, నెట్ పోయి సాఫ్ట్‌ఫోన్ కనబడకుండా పోయినప్పుడు కొన్ని సర్వర్లు సెల్‌ని తట్టనే తట్టవు. అసలు ఫార్వార్డింగ్ పెట్టుకున్నదే నెట్ పోయినప్పటి కోసం! కొన్ని సాఫ్ట్‌ఫోన్లలో యాప్ లోపలే ఫార్వార్డ్ బటన్ ఉంటుంది. దాన్ని నమ్ముకోవడం ఇంకా ప్రమాదం. కాల్ తనదాకా వస్తే, తనకు బదులు అక్కడికి పంపమని సర్వర్‌కి చెప్పడమే అది చేసే పని. యాప్ మూసి ఉంటే ఆ మాట చెప్పడానికే ఎవరూ ఉండరు. ఫార్వార్డింగ్ ఎప్పుడూ ఖాతా వెబ్‌సైట్లో, అంటే సర్వర్ మీద పెట్టాలి.

సెల్‌కి వచ్చే కాల్స్‌ని ఇంటర్నెట్ నంబరుకి తిప్పేవాళ్లూ ఉన్నారు. జీఎస్ఎం నెట్‌వర్కుల్లో, ఎత్తకపోతే ఎంతసేపటికి తిప్పాలన్నది 5 నుంచి 30 సెకన్ల దాకా, అయిదేసి సెకన్ల చొప్పున పెట్టుకోవచ్చు. ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ రెండు వైపులా పెడితే మాత్రం కాల్ గిరగిరా తిరుగుతుంది. సిప్‌లో దీనికి కళ్లెం ఉంది, ఒక కాల్ సాధారణంగా 70 మజిలీలకు, అంటే దారిలోని సర్వర్లకు, మించి పోలేదు. కానీ మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి వచ్చేసరికి ఆ లెక్క మళ్లీ మొదటికి రావచ్చు.

రెండో కాల్ మన ఖర్చు కావడమే మోసగాళ్లకు కూడా ఆసరా. సిప్ మామూలుగా వాడే ద్వారం, అంటే 5060 పోర్టు, తెరిచి ఉన్న సర్వర్ల కోసం ఇంటర్నెట్‌లో రోబో ప్రోగ్రాములు రాత్రింబవళ్లు గాలిస్తుంటాయి. పాస్‌వర్డ్ చిక్కిందంటే, నిమిషానికి బోలెడంత వసూలు చేసే విదేశీ నంబరుకి ఫార్వార్డింగ్ పెట్టేసి, తర్వాత మన నంబరుకి వరసగా కాల్స్ చేస్తారు. లాగ్ చూస్తే మామూలు ఇన్‌కమింగ్ కాల్స్ లాగే కనబడతాయి. పొడవాటి పాస్‌వర్డ్ ఎలాగూ కావాలి. దానికన్నా నేను ఎక్కువగా నమ్మేది రెండిటిని: అవసరం లేని విదేశీ కాల్స్‌ని మూసేయడం, ఖాతాలో బ్యాలెన్స్ తక్కువగా ఉంచడం. సెల్ వైపు ఇదే మోసం ఇంకో వేషంలో వస్తుంది. ఫలానా కోడ్ డయల్ చేయండని ఎవరో చెబుతారు. *21* లేదా **21* తో మొదలయ్యే కోడ్ కొడితే మన కాల్స్ అన్నీ వాళ్ల నంబరుకి పోతాయి, ఫోన్ చేసి చెప్పే ఓటీపీలతో సహా. అనుమానం వస్తే *#21# తో చూసుకోవచ్చు, ##002# తో అన్ని ఫార్వార్డింగులూ తీసేయవచ్చు. జీఎస్ఎం నెట్‌వర్కుల్లో ఈ కోడ్లు దాదాపు అన్నిచోట్లా ఒకటే.

మాట నాణ్యత గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. మాటను డేటాగా మార్చే జీ.711 అనే పద్ధతిలో అది సాధారణంగా సెకనుకు 50 ప్యాకెట్లుగా వెళ్తుంది, ఒక వైపుకి 80 కిలోబిట్లకు కాస్త అటూఇటూగా చాలు. వేగం సరిపోకపోవడం అరుదు. ఆలస్యం మాత్రం పట్టించుకోవాలి. ఒక వైపుకి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంఘం సూచన. ఫార్వార్డ్ అయిన కాల్‌లో రెండు ప్రయాణాల ఆలస్యం కలుస్తుంది. అందుకే ఒక్కోసారి ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోతుంటారు. ఇక అత్యవసర నంబర్లకు సాఫ్ట్‌ఫోన్ నుంచి చేయకూడదు. మనమెక్కడున్నామో దానికి సరిగా తెలియకపోవచ్చు.

సెట్టింగులు మార్చిన ప్రతిసారీ నేను వేరే ఫోన్ నుంచి మూడుసార్లు నా నంబరుకి చేసి చూసుకుంటాను. మొదటిసారి అన్నీ ఆన్‌లో ఉంచి, రెండోసారి ల్యాప్‌టాప్ మూసేసి, మూడోసారి సెల్ కూడా ఆఫ్ చేసి. మూడోసారి నా ఖాతా వాయిస్‌మెయిల్ వినబడాలి. ఆ నాలుగు మెసేజ్‌ల మర్నాడు చేసినప్పుడు ఎత్తింది మాత్రం సెల్ వాయిస్‌మెయిలే.