పాత సామాన్లు తోమి అమ్మమనే ఆ ఫార్వర్డ్ సంగతి

మళ్లీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది. ఇంట్లో పాత నాణెమో బల్లో ఉందా, వందేళ్లు దాటితే లక్షలే, నిమ్మకాయ ఉప్పుతో తళతళా తోమి అమ్మండి, చెక్కకి పురుగు చిల్లులుంటే ఒరిజినల్ గ్యారంటీ, అని. మూడు మాటలు, మూడూ తప్పే.

ముందు తోమడం గురించి, ఎందుకంటే మిగతా రెండూ నమ్మితే డబ్బులే పోతాయి, ఇది నమ్మితే వస్తువే పోతుంది. రాగి, కంచు మీద ఏళ్ల తరబడి పట్టే గోధుమ రంగు, పచ్చ పొర మురికి కాదండీ, గాలీ తేమా తగిలి లోహం తనంతట తాను కట్టుకున్న పొర, దాన్నే పాటినా అంటారు. నిమ్మరసం దాన్ని కరిగించేస్తుంది, ఉప్పు రవ్వలు కింది లోహాన్ని గీకేస్తాయి, పైగా ఉప్పులోని క్లోరైడ్ లోపల ఉండిపోతే తర్వాత తీరిగ్గా కంచుని తింటుంది. (లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది బ్రాంజ్ డిసీజ్, దాన్ని మాత్రం పాటినా అనుకుని వదిలేయొద్దు, కన్సర్వేటర్‌కి, అంటే పాత వస్తువుల్ని పాడవకుండా కాపాడే నిపుణుడికి చూపించాలి.) కొత్తలో నేనూ ఓ రాగి నాణెం ఇలాగే తోమా. భలే మెరిసిందిలే అనుకుని లెన్స్ కింద పెడితే రాజుగారి చెంప నిండా వెంట్రుకల్లాంటి గీతలు, నా బొటనవేలు ఎటు తిరిగితే అటే. చూపించిన ప్రతివాళ్లూ మొదట అడిగింది "తోమారా?" అనే.

వందేళ్ల లెక్క ఏది పురాతన వస్తువో తేల్చే కస్టమ్స్ వాళ్లకి పనికొస్తుందేమో గానీ రేటు తేల్చేది అరుదు, గిరాకీ, కండిషన్. 4వ శతాబ్దపు రోమన్ చిన్న కంచు నాణేలు కుప్పలుగా దొరికాయి కాబట్టి మామూలు కలెక్టర్లూ కొనుక్కుంటారు. అదే 1933 అమెరికా డబుల్ ఈగిల్ బంగారు నాణేలైతే దాదాపు అన్నీ కరిగించేశారు, మిగిలినవాటిలో ఒకటి 2021 వేలంలో సుమారు 1.89 కోట్ల డాలర్లు పలికింది. అప్పటికి దాని వయసు 88 ఏళ్లే!

ఇక పురుగు చిల్లులు. డ్రిల్లుతో ఎవడైనా పెట్టొచ్చు, సన్నటి తీగ దూర్చి చూడండి, సూటిగా లోపలికి దిగిపోతే అనుమానించాల్సిందే, పురుగు దారి లోపల వంకరలు తిరుగుతుంది. నాకు ఇంకా ముచ్చటేసేది ఇంకోటుంది, చెక్క పైన సగం తెరుచుకున్న కాలువల్లా కనిపిస్తే పురుగు తిన్నాకే ఆ చెక్కని కోశారన్నమాట, అంటే చెక్క పాతదే, బల్ల కొత్తది! స్టార్ స్క్రూ (తల మీద ప్లస్ గుర్తుండేది) కనిపించిందా, అది 1930ల్లో వచ్చినది, అంటే బల్ల ఆ తర్వాతదైనా కావాలి, లేదా ఆ స్క్రూ రిపేర్‌లో వేసిందైనా అయ్యుండాలి. గుండ్రటి పాత చెక్క బల్లయితే టేపు పెట్టి రెండు వైపులా కొలవండి, చెక్క నారకి అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి అది కాస్త కోలగా తేలాలి.