పాత ఫీజు బాకీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాత కాలేజీ ఫీజు బాకీ గారికి,

కడప నుంచి మీ రుణగ్రస్తుడని మీరు చెప్పుకొంటున్న వ్యక్తి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా ఏటేటా వడ్డీతో పుష్టిగా పెరుగుతున్నారని మీ వసూళ్ల ప్రతినిధి ఫోనులో సెలవిచ్చారు, సంతోషం.

2017లో ఇంజినీరింగ్ ముగించేనాటికి నాకు తమరితో పరిచయం లేదు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద నా బోధన రుసుము ప్రభుత్వమే కాలేజీకి చెల్లిస్తుందని, మాకేమీ సంబంధం లేదని, చేర్చుకున్ననాడు కాలేజీవారు మా నాన్నకు కాఫీ ఇచ్చి మరీ చెప్పారు. లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ వారు బాకీలేమీ లేవని తెలిపే నో డ్యూస్ కాగితం మీద వరుసగా ముద్రలు వేసి, ఆఖరున అకౌంట్స్ గుమాస్తా పచ్చ సిరాతో గీత గీసిన తరువాతే ఒరిజినల్ సర్టిఫికెట్లు నా చేతికొచ్చాయి. అంటే ఆ పచ్చ సిరా ఆరిన తరువాతే తమరు జన్మించారన్నమాట. ప్రభుత్వం నుంచి రావలసిన కిస్తీ రాకపోతే, ప్రభుత్వాన్ని ఫోనులో 'అన్నా' అని పిలవడం కష్టం గనుక నన్ను పిలుస్తున్నారని అర్థం చేసుకోగలను.

మీ ప్రతినిధి సమయపాలన గురించి చెప్పకుండా ఉండలేను. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. తనది కాలేజీ పద్దు గనుక ఆ నియమం తనకు లేదంటూ ఆయన తెల్లవారుజామునే మేల్కొలుపు పాడుతున్నారు. నేను ఎత్తకపోతే ప్రొద్దుటూరులోని మా మామగారికి చేసి, "మీ అల్లుడు దొరకడం లేదండీ" అని వాపోయారు. అల్లుడు క్రికెట్ పందేల్లో మునిగాడని నిర్ధారించుకున్న మామగారు, నాతో ఒక్క మాటా అనకుండా, కూతురి నగలు మాత్రం జాగ్రత్తగా తన బీరువాలోకి తెప్పించుకున్నారు.

ఇంతచేసీ, ఏ సంవత్సరపు ఫీజు, ఎంత, ఏ లెక్కన వడ్డీ అని అడిగితే ప్రతినిధి దగ్గర చిత్తుకాగితం కూడా లేదు. ఆయన కోరేది మరొకటి: "అన్నా, కడతానని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపు, చాలు." ఆ ముక్క మీద ఆయనకు అంత మమకారమెందుకో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి సాధారణంగా మూడేళ్లలోపే దావా వేయాలి. ఆ గడువు దాటినా బాకీ చచ్చిపోదు గానీ, కోర్టు మెట్లెక్కే కాళ్లు దానికి ఉండవు. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 25వ సెక్షన్ ప్రకారం, కాలం చెల్లిన బాకీని కడతానని రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తే అది కొత్త ఒప్పందమై మళ్లీ లేచి నడుస్తుంది. నా ఒక్క ముక్కతో తమరికి పునర్జన్మ ఇప్పించాలన్నదే ఆయన సంకల్పం.

కనుక కాలేజీ ఖాతా నకలు, ప్రభుత్వం నుంచి నా పేరున వచ్చిన మొత్తాల వివరం, తమ తరఫున వసూలు చేసే అధికారపత్రం పోస్టులో పంపించండి. చదివి సమాధానం ఇస్తాను. ఈ లేఖలో ఏ వాక్యమూ తమరిని ఒప్పుకోవడం కాదని మనవి.

ఇట్లు,
తమ రిజిస్టరులోని పేరుగలవాడు
(సంతకం బుద్ధిపూర్వకంగానే చేయలేదు)