రాజావారి మేడకు సిమెంటు వద్దు

వనపర్తిలో కేడీఆర్ పాలిటెక్నిక్ అనగానే ఎవరికైనా రాజావారి ప్యాలెసే గుర్తొస్తుంది. 1949లో హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి. సంస్థానం పోయింది, మేడ మిగిలింది. మరో పదేళ్లకు, 1959లో, ఇక్కడ పాలిటెక్నిక్ మొదలైంది. ఒకప్పుడు ఆ గడప బయటే చేతులు కట్టుకుని నిలబడ్డ రైతుల మనవలు దాన్ని దాటి లోపలికెళ్లి డిప్లొమాలు చదివారు. పాలమూరు చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు. గద్వాల కోటలోనూ మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ వెలిసింది.

రాజుల గుర్తులు మనకెందుకని అడిగేవారున్నారు. ఆ మేడలు లేచింది రైతులు కట్టిన శిస్తుతో, కూలీల రెక్కల కష్టంతో. అందుకే అవి మనవి.

మా ఆందోళనంతా మరమ్మతుల గురించే. పాత కట్టడాలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక కలిపి గానుగలో మెత్తగా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవారు. ఆ గోడ వానాకాలంలో తేమ పీల్చుకుని ఎండల్లో వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపలి ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని పగలగొడుతుంది. నడుము ఎత్తున తెల్లటి పొర కనిపిస్తుంది, గోటితో గీకితే ఎర్రటి పొడి రాలుతుంది. కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లాక రెండు మూడు వానలకే ఆ పూత పెచ్చులుగా ఊడుతుంది, ఇటుక ముఖాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. పిట్టగోడ సందులో మొలిచిన రావి మొక్క సంగతీ అంతే. పైన కోసేస్తే సరిపోదు, వేరు చావాలి.

2017లో రాష్ట్రం వారసత్వ పరిరక్షణ చట్టం చేసుకుంది. కాలేజీలుగా మారిన సంస్థానాల కట్టడాలన్నిటికీ దాని రక్షణ పూర్తిగా అందాలని మేము కోరుతున్నాం. మరమ్మతుల టెండరులో సున్నం పని అని స్పష్టంగా రాయాలి, సిమెంటు పూతకు బిల్లు చెల్లించకూడదు. సివిల్ పాఠాలు చెప్పే చోట అంతకన్నా మంచి ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది? ఏటా మృగశిర కార్తెకు ముందే విద్యార్థులు గది గదికీ కొలతలు తీసి, పగుళ్లు గుర్తించి, రిజిస్టరులో రాయాలి. గానుగ సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఊళ్లలో ఇంకా కొందరున్నారు. వాళ్లను గౌరవంగా పిలిపించి, కూలీ ఇచ్చి, ఈ పిల్లల పక్కన నిలబెట్టాలి. ఆ పని ఈ ఏడాదే మొదలుకావాలి.