ఆపరేషన్ ఆగినా కుక్కకు టీకా ఆగకూడదు

వీధికుక్కల మీద వాదన ఎప్పుడు లేచినా రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది: పట్టుకెళ్లండి, లేదంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయండి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించాలని చెప్పి, పదకొండు రోజులకే ఆ ఉత్తర్వును సవరించినప్పుడూ అంతే. రేబిస్‌ను ఆపేది టీకా అన్న సంగతి ఆ గోలలో మరుగున పడింది.

మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తుంది. లక్షణాలు కనపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కరిచాక సూది వేయించుకోవచ్చు కదా అంటారు. కుక్క గీరిందని ఇంట్లో చెప్పడానికే భయపడే పిల్లలున్నారు. వాళ్లకు రక్ష ఆ కుక్కకు ముందే పడిన టీకాయే.

ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే వైరస్ పాకే దారి తెగుతుంది. అయితే వీధికుక్కల ఆయుష్షు తక్కువ. టీకా పడినవి చనిపోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. అందుకే ఏటా వేయాలి.

మన పట్టణాల్లో చాలాచోట్ల వీధికుక్కకు టీకా పడేది ఆపరేషన్‌కు తీసుకెళ్లినప్పుడే. దానికి థియేటర్ కావాలి, డాక్టర్ కావాలి, తర్వాత కొన్ని రోజులు బోనులో ఉంచి చూసుకోవాలి. టీకాకు వల, సూది, ఐస్ పెట్టె, ముగ్గురు నలుగురు మనుషులు చాలు. నిమిషాల పనిని రోజుల పనికి ముడిపెట్టి కూర్చున్నాం. సంఖ్య తగ్గాలంటే ఆపరేషన్లు కావాల్సిందే, కానీ టీకా వాటి కోసం ఎదురుచూడకూడదు.

గోవా ఎదురుచూడలేదు. 2013లో మొదలైన కార్యక్రమంలో మిషన్ రేబిస్ అనే స్వచ్ఛంద సంస్థ బృందాలు ప్రభుత్వంతో కలిసి వాడవాడా తిరిగాయి. ఏ వీధి మిగిలిందో ఫోన్ యాప్ చూపించేది. ఏడాదికి 95 వేలకు పైగా కుక్కలకు టీకా వేసే స్థాయికి చేరారు, బడిపిల్లలకు జాగ్రత్తలు నేర్పారు. 2019 నాటికి కుక్కల్లో నెలవారీ రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయి.

తెలుగు రాష్ట్రాల్లో జులై 6న పశువైద్యశాలల్లో ఉచిత శిబిరాలు పెడతారు. మంచిదే, కానీ అక్కడికి వచ్చేవి గొలుసున్న కుక్కలే. నాలుగిళ్ల ముద్ద తిని అరుగు కింద పడుకునే ఊరకుక్కను ఎవరు తీసుకొస్తారు? టీకాయే దాని దగ్గరికి వెళ్లాలి. పశువులకు గాలికుంటు టీకాలు వేయడానికి పశుసంవర్ధక శాఖ సిబ్బంది ఎలాగూ ఊరూరా తిరుగుతారు. కుక్కలకూ అలాగే పంచాయతీ ముందురోజు చాటింపు వేయించి, ఏటా ఒక తేదీ పెట్టాలి. అన్నం పెట్టే మనిషి దగ్గరికి పిలిచి పట్టుకుంటే చాలా కుక్కలకు వల కూడా అక్కర్లేదు.