అనంతపురానికి అలల గండం

వరద ముప్పు అంచనా వేస్తామంటూ అనంతపురంలో ఇంటింటికీ ఒక సర్వే తిరుగుతోంది. ఎవరిదో పేరెందుకు గానీ, కాకినాడ కోసం రాసుకున్నదాన్ని మనకూ తోసేశారని మూడో ప్రశ్నకే తెలిసిపోతుంది: 'మీ ఇల్లు సముద్రతీరానికి ఎంత దూరం?' ఆ తర్వాతది ఇంకా బాగుంటుంది, 'తుఫానులో అల ఎంత ఎత్తు లేస్తుంది?' ఖాళీ వదిలితే యాప్ ముందుకు పోదు.

ఊళ్లో పారే నడిమివంక వాగు పక్కన అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని సర్వే అమ్మాయి అదే అడిగింది.

"సముద్రమా? యాడుందమ్మా మనకు? బోరే ఎండిపాయ."

"ఏదో ఒక అంకె చెప్పు తాతా, ఇది వదలదు."

"నీ ఇష్టం, ఏసుకో."

ఆ అమ్మాయి సున్నా కొట్టింది. తాత రేకుల ఇల్లు బీచ్ బంగళా అయిపోయింది. అల ఎత్తు కూడా సున్నానే కాబట్టి ముప్పు 'తక్కువ' అని పచ్చరంగు వెలిగింది. తాత వీపు వెనక గోడకు మాత్రం 2022 నాటి బురద మరక ఛాతీ ఎత్తున అలాగే ఉంది. రేపు ఆ పక్క ప్లాట్లకు 'సీ వ్యూ' బోర్డు పడకపోతే నన్నడగండి.

కాకినాడ పక్కన తీరంలో ఉన్న ఉప్పాడలో ఈ ప్రశ్నలు అడగాల్సిందే. అక్కడ అలలు రోడ్డునే కొరికేస్తాయి. తుఫాను గాలికి సముద్రమట్టం పెరుగుతుంది, దాని మీద అలలు ఇంకా పైకి పాకుతాయి, గోడ దాటిన నీళ్లు వీధుల్నే కాలువలు చేసుకుంటాయి. ఒడ్డు వాలు నుంచి వీధుల అమరిక దాకా అన్నీ లెక్కగట్టాలి. 300 మీటర్లకు పైన ఉన్న మనదాకా ఆ అల రావాలంటే నల్లమల ఎక్కి దిగాలి!

అలాగని బంగాళాఖాతం మనల్ని వదిలేసిందనుకోకండి, మబ్బెక్కి వస్తుంది. 2021 నవంబరులో వాయుగుండం వానలకు రాజంపేట దగ్గర చెయ్యేరు నది పొంగి, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి ఊళ్లు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో ఇదే నడిమివంక కాలనీల్ని ముంచితే జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు.

ఇంత జరిగాక కూడా ఆ యాప్‌లో వంక అన్న మాటే లేదు! వంక వెడల్పు ఒకప్పుడెంత, ఇప్పుడెంత మిగిలింది, ఎవడు పూడ్చాడు, ఎవడు ప్లాట్లేశాడు, ఎవడు సంతకం పెట్టాడు, ఇవి అడగరేం? తడిసిన బియ్యం, పిల్లల పుస్తకాలు వీధిలో ఆరబెట్టుకున్న ఆడవాళ్లను అలెంత ఎత్తమ్మా అని అడగడానికి సిగ్గుండాలి. వంక గురించి అడిగితే జవాబుల్లో పేర్లొస్తాయి, అదీ వాళ్ల టెన్షన్. ఆ పేర్లేవో పండగ పండక్కీ ఫ్లెక్సీల మీద మనకు దండం పెడుతూనే ఉన్నాయి.